తలుపు లేని వడ్రంగి

పడవల ఆసామి నోరు మూయించిన మనిషిని నా జన్మలో ఒక్కడినే చూశాను. అతను మా వీధి వడ్రంగి. ఆ తగువు నా గురించే కాబట్టి కదలకుండా నిలబడి, ఒక్క ముక్క పొల్లు పోకుండా విన్నాను.

అప్పుడు మా వీధి జరుగుతోంది. వీధి జరగడమేమిటని మెరక ఊళ్ల వాళ్లు నవ్వుతారు. మా దగ్గర జరుగుతుంది. సముద్రం ముందు వాకిట్లోకి వచ్చి కూర్చుంటుంది. తర్వాత వంటింట్లోకి వస్తుంది. వంటింటి దాకా వచ్చిన చుట్టాన్ని పొమ్మనలేం కాబట్టి మనమే లేచి పోవాలి. అలా వీధి వీధంతా లేచి, వెనకున్న ఎత్తు మీదికి పోయి మళ్లీ కూర్చుంటుంది. కూర్చునేటప్పుడు మాత్రం పాత వరసలోనే కూర్చుంటుంది. ఎడమ పక్కన ఎవరుండేవారో మళ్లీ వాళ్లే, కుడి పక్కన ఎవరుండేవారో మళ్లీ వాళ్లే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో మా అత్తగారికీ తెలియదు, వాళ్ల అత్తగారికీ తెలియదు.

ఆసామికి ఆ పద్ధతి మీద మనసు విరిగింది. కారణం నేను. నేను చేపలు ఎండబెట్టి అమ్ముతాను. మా దండేలు ఆయన కిటికీ ఎదురుగా ఉండేవి. కొత్త చోట తాళ్లు కట్టి స్థలాలు వేరు చేస్తుంటే, ఆయన చేతికర్రతో చివరి స్థలాన్ని చూపించాడు.

"నేను అక్కడ కట్టుకుంటాను. ఈవిడ పక్కన ఇక నా వల్ల కాదు. ఆ వాసనకి అన్నం సహించడం లేదు."

వడ్రంగి అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని ఎవరిదో గడప చెక్కుతున్నాడు. తల ఎత్తలేదు.

"వాసన కొత్తగా వచ్చిందా ఆసామీ, ముక్కు కొత్తగా వచ్చిందా?"

తాళ్లు పట్టుకున్న వాళ్లు తాళ్లు వదిలేసి నవ్వారు. ఆసామి ముఖం కందగడ్డ అయింది.

"నువ్వు కర్ర సంగతి చూసుకోరా. పెద్దవాళ్ల మాటల్లో దూరకు."

"కర్ర సంగతే చూస్తున్నానండి. ఇది మీ గడపే. గాలివాన నాడు మీ కప్పు ఎగిరిపోతే మీ నాన్నగారు ఎవరింట్లో పడుకున్నారు?"

ఆసామి నీళ్లు నమిలాడు. "పక్కింట్లో," అన్నాడు.

"అంటే ఈవిడ అత్తగారింట్లో. అప్పుడు వాసన రాలేదా?"

"అప్పుడు జలుబు చేసుంటుంది లే," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఈసారి మా ఆయన కూడా నవ్వాడు. మా ఆయన నవ్వడమంటే ఊళ్లో వాళ్లు గుర్తుపెట్టుకునే సంగతి.

వడ్రంగి అప్పుడు లేచి నిలబడి, మోకాళ్ల ఇసుక దులుపుకుని, నెమ్మదిగా చెప్పాడు. "మీరు చివరికి పోతే చివరాయన మధ్యకి రావాలి. ఆయన వస్తే ఆయన పక్కావిడ ఒంటరిదవుతుంది. గాలివాన వచ్చినప్పుడు చీకట్లో ఏ గోడ తడితే ఎవరు పలుకుతారో తెలిసుండాలి ఆసామీ. అందుకే వరస. పక్కపక్క ఉన్న వాళ్లలో ఒకరు లేచి పోకూడదు, మధ్యలోకి మూడో మనిషి దూరకూడదు. మీ నాన్నగారు లేచి పోలేదు. మీరూ పోరు."

ఆసామి కర్రతో రెండుసార్లు ఇసుకలో పొడిచాడు. "సరే. నా తలుపు మాత్రం ఆవిడ వైపు తెరుచుకోకూడదు."

"మీ తలుపు లోపలికి తెరుచుకుంటుందండి. అందరివీ అంతే."

తగువు అక్కడితో తెగింది. మర్నాడు నేను ఒక బుట్టెడు మంచి చేపలు తీసుకెళ్లి వడ్రంగి ముందు పెట్టాను. "నేను నీ కోసం అనలేదు వదినా, వరస కోసం అన్నాను," అన్నాడు. "నేనూ నీ కోసం తేలేదు మరిదీ, మిగిలితే తెచ్చాను," అన్నాను. మా ఇద్దరి స్నేహం అలాంటిది. చుట్టరికం ఏమీ లేదు. మా ఆయన్ని అన్నా అని పిలిచాడు కాబట్టి నేను వదిననయ్యాను, అంతే.

మా ప్రాంతం సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే ఈ మనిషి విలువ తెలియదు. మాది ఒక సన్నని ఇసుక పట్టీ. ఒక వైపు సముద్రం, ఇంకో వైపు ఉప్పుటేరు. కొండ అనేది మా పిల్లలు బొమ్మల్లోనే చూస్తారు. ఎత్తు అంటే ఇసుక దిబ్బే. ఆ దిబ్బ కూడా గాలి ఎటు తోస్తే అటు నడుస్తుంది. ఉప్పుటేటి పక్కన ఉప్పు మడులు, అవి దాటితే నేల నల్లబడుతుంది, మెరక మొదలవుతుంది. అందుకే మాలో మూడు రకాల మనుషులు. ఒడ్డు వాళ్లం మేము, గట్టిగా మాట్లాడతాం, అలల మోత మీద వినబడాలి కదా. ఉప్పు వాళ్లు కళ్లు చికిలించి చూస్తారు, తెల్లటి మడుల్లో ఎండ తిని తిని. మెరక వాళ్లు నెమ్మదస్తులు, వాళ్ల నేల ఎక్కడికీ పోదు కాబట్టి వాళ్లకి తొందర లేదు. మెరక వాళ్లు ఏడు తరాల తాతల పేర్లు చెబుతారు. మేము ఏడిళ్ల వాళ్ల సంగతులు చెబుతాం, ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి.

ఇసుక పట్టీకి కింది కొసన పాత రేవు ఉంది. ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఆగేవట. సుంకం కట్టించుకునే పెద్ద భవనం ఇప్పటికీ ఉంది, కప్పు లేదు. ఓడల్ని కట్టే ఇనుప కడియాలు గోడకి ఉన్నాయి, వాటికి మేకల్ని కడతారు. ఆ మేకలకి సముద్రం కనబడాలంటే మెడలు చాచాల్సిందే, నీళ్లు అంత దూరం పోయాయి. మా కొసన తిన్నదంతా సముద్రం ఆ కొసన కక్కుతుంది. మా అత్తగారి వంటిల్లు ఇప్పుడు ఏ మేక కాళ్ల కిందో ఉండి ఉంటుంది. ఆ సంగతి తెలిస్తే ఆవిడ మేకని కూడా కాళ్లు కడుక్కుని రమ్మనేది.

మా చరిత్ర అంతా ఇంతే. కదలడం, కూర్చోవడం. గోడలు మట్టివి, మళ్లీ పెట్టుకోవచ్చు. కప్పు ఆకులది, మళ్లీ కప్పుకోవచ్చు. మోసుకుపోవాల్సింది ఒక్కటే, గుమ్మమూ తలుపూ. మంచి చేవ ఉన్న కర్ర మా ఇసుకలో పుట్టదు. అందుకని మా తలుపులు వేరుగా చేస్తారు. ఇనుప మేకు ఒక్కటి ఉండదు. ఉప్పుగాలికి ఇనుము నాలుగు వానలు చూడదు, పైగా మేకు కొట్టిన కర్రని పీకితే చీలుతుంది. ఒక కర్ర ముక్కు ఇంకో కర్ర చెవిలో దూరేటట్టు చెక్కి, కొయ్య మేకుతో బిగిస్తారు. లేవాల్సిన రోజు వస్తే ఆ కొయ్య మేకుల్ని వెనక నుంచి తట్టాలి. గుమ్మం మొత్తం విడిపోయి కట్టెల మోపులా భుజానికెక్కుతుంది.

ఆ పని వచ్చినవాడు మా పట్టీ మొత్తం మీద ఇతనొక్కడే. పుట్టింది మెరకలో. మీసం మొలిచే వయసులో ముసలి వడ్రంగి వెంట మా వీధికి వచ్చాడు. నేను అప్పటికి కొత్త కోడలిని. ముసలాయన పోయాక ఇతను తిరిగి పోతాడనుకున్నాం. పోలేదు. వీధి చివర, ఇళ్ల వరస అయిపోయాక, ఒక రేకుల పాక ఉండేది. అందులోనే చిత్రిక, అందులోనే మంచం, అందులోనే పొయ్యి. చెక్క పొడుము పడని అన్నం అతను ఎన్నడూ తిని ఉండడు.

గుమ్మం నిలబెట్టే రోజు అతన్ని చూడాలి. మామూలుగా చీమకి కూడా దారి ఇచ్చే మనిషి ఆ రోజు పెద్ద దొర. కొత్త ఇంటి ముందు ఎడమ పక్కింటి వాళ్లు ఎడమ కర్ర పట్టుకోవాలి, కుడి పక్కింటి వాళ్లు కుడి కర్ర. ఇంటి యజమాని దూరంగా నిలబడి చూడాలి, చెయ్యి వెయ్యకూడదు. "మీ కళ్లు మీ ఇల్లు వంకరగా ఉన్నా సూటిగానే ఉందంటాయి. పక్కింటి వాళ్ల కళ్లు నిజం చెబుతాయి," అనేవాడు. ఆ రెండు కర్రల మధ్య తను నిలబడి, ఒక కన్ను మూసి, ఇటు కొంచెం, అటు కొంచెం అంటూ, ఇద్దరినీ తిట్టుకుంటూ బిగించేవాడు. నేను కాపరానికి వచ్చాక వీధి రెండోసారి జరిగినప్పుడు, ఆ ముక్కు తగువు అయ్యాక, ఆసామి గుమ్మానికి ఒక కర్ర పట్టుకున్నది నేనే. ముక్కుకి కండువా కట్టుకుని ఆయన దూరంగా నిలబడ్డాడు.

ఇన్ని తలుపులు చేసినవాడి పాకకి తలుపు లేదు. గోనె పట్టా వేలాడేది. "ఇంతమందికి తలుపులు పెట్టావు, నీకో తలుపు పెట్టుకోవయ్యా," అంటే, "అందరివీ అవనీ వదినా," అనేవాడు. అందరివీ ఎప్పుడవుతాయి? ఒకరిది అయ్యేసరికి ఇంకొకరిది చెద పడుతుంది. ఒకసారి మెరక నుంచి పిల్లనిచ్చే వాళ్లు చూడటానికి వచ్చారు. పిల్ల తల్లి గోనె పట్టా ఎత్తి లోపలికి చూసి, "ముందు తలుపు పెట్టుకో బాబూ, తర్వాత మాట్లాడదాం," అంది. "ఉప్పు మేస్త్రి కూతురి ఇల్లొకటి ఒప్పుకున్నానండి, అది కాగానే పెడతాను," అన్నాడు ఈ మహానుభావుడు. ఆవిడ బండెక్కింది. మళ్లీ రాలేదు. "ఆ పిల్ల నోరు మంచిది కాదట లే," అని నేను ఓదార్చబోతే, "నీ నోరు ఇన్నేళ్లు విన్నవాడికి అదొక లెక్కా?" అన్నాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు నేను.

తలుపు లేదు కాబట్టి ఎవరు పడితే వాళ్లు, ఎప్పుడు పడితే అప్పుడు ఆ పాకలోకి దూరేవాళ్లం. అతను తింటున్నాడా, పడుకున్నాడా అని ఎవరికీ పట్టేది కాదు. పీట కాలు ఊడిందని ఒకరు, ఏమీ తోచలేదని ఒకరు. నేనైతే పట్టా తోసుకుంటూనే మాట మొదలుపెట్టేదాన్ని.

మొన్న మూడోసారి వీధి లేవాల్సి వచ్చింది. ఈసారి తాళ్లు కట్టే పని మాది కాదు. కొలతల ఆఫీసరు వచ్చాడు. చదువుకున్న పిల్లవాడు, మర్యాదస్తుడు, మంచినీళ్లు ఇస్తే గ్లాసు కడిగి ఇచ్చాడు. ఆయన పద్ధతి ఏమిటంటే, ఒక్కో ఇంటి తలుపు మీద సుద్దతో ఒక అంకె వేస్తాడు. ఎన్ని అంకెలో అన్ని స్థలాలు. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో చూపించడానికి ఆయన వెంట నడిచింది ఎవరనుకున్నారు? వడ్రంగే. తన తలుపుల మీద సుద్ద గీతలు పడుతుంటే, "కొంచెం పైన వెయ్యండి బాబూ, చెక్కడం మీద పడకుండా," అంటూ నడిచాడు. చివరి ఇల్లయింది. గోనె పట్టా ముందు ఇద్దరూ నిలబడ్డారు. పట్టా మీద సుద్ద ఎలా పడుతుంది?

"అయిపోయాయా?" అన్నాడు ఆఫీసరు.

"అయిపోయాయండి," అన్నాడు వడ్రంగి.

నేను నా అరుగు మీద నుంచి విన్నాను. విని, నిజమే కదా అయిపోయాయి అనుకున్నాను. ఆ వీధిలో అందరం అలాగే అనుకున్నాం. అతని పాకని ఇల్లని మేమెవరం ఎన్నడూ అనుకోలేదు, అతనూ అనుకోలేదు.

కొత్త స్థలాలు చూడటానికి పోయినప్పుడు గానీ కళ్లు తెరుచుకోలేదు. పాత చోట్ల వీధి చివర ఎప్పుడూ కాస్త ఖాళీ మిగిలేది, అందులో పాక పడేది. ఇక్కడ ఒక కొసన రోడ్డు, ఇంకో కొసన ఉప్పు మడులు. మధ్యలో మా స్థలాలు గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి. మా ఆయన పోయి ఆఫీసరుని అడిగాడు. ఆ పిల్లవాడు పాపం నిజంగానే బాధపడ్డాడు. "అటు రోడ్డు జరగదు, ఇటు ఉప్పు వాళ్లు జరగరు. నేనేం చెయ్యను తాతా? మీరూ మీరూ సర్దుకుంటే నాకు అభ్యంతరం లేదు," అన్నాడు.

వడ్రంగి ముఖంలో రంగు కూడా మారలేదు. "మా అక్క కొడుకు మెరకకి రమ్మంటున్నాడులే వదినా. అందరి తలుపులూ ఎక్కించి పోతాను," అన్నాడు.

"అక్కడ నీకు ఎవరు తెలుసు?"

"అక్క కొడుకు తెలుసు."

"ఎప్పుడు చూశావు వాణ్ని?"

"పాకుతున్నప్పుడు."

నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు. మండి మండి నేరుగా ఆసామి ఇంటికి పోయాను. ముక్కు తగువు తర్వాత ఆ గడప నేను తొక్కలేదు. ఆయన కూడా ముసలివాడయ్యాడు, చేతికర్ర ఇప్పుడు చూపించడానికి కాదు, నడవడానికే.

"ఏమయ్యా ఆసామీ, నా పక్కన ఇంకా ఎన్నాళ్లుంటావు?"

"నా కర్మ ఉన్నన్నాళ్లు."

"కర్మ తీరే దారి చెబుతాను. నీ స్థలంలో నా వైపు కొంత వదులు. నా స్థలంలో నీ వైపు కొంత నేను వదులుతాను. మధ్యలో వడ్రంగి ఇల్లు వస్తుంది. నా వాసన ముందు అతన్ని దాటి నీ దగ్గరికి రావాలి."

ఆసామి చేతికర్ర గోడకి ఆనించాడు. "నీ దండేలు వేసే చోటు పోతుంది కదా," అన్నాడు.

"పోతుంది. పెరట్లో వేసుకుంటాను."

"పెరటి గాలి మా ఇంటి మీదికే వస్తుంది."

"అయితే ముక్కు మూసుకో. అలవాటే కదా."

ఆయన నవ్వాడు. నిజంగా నవ్వాడు, పళ్లు లేని నోటితో. "నన్ను ఊరందరి ముందు నవ్వులపాలు చేసినవాడికి నేను స్థలం ఇవ్వాలా?" అన్నాడు. ఆ వెంటనే, "నా పాత పడవ ఒకటి ఒడ్డున పడి ఉంది. దాని పలకలు గట్టివి. వాడికి తలుపుకి పనికొస్తాయేమో అడుగు," అన్నాడు. మనుషుల్ని ముప్పై ఏళ్లు తిట్టినా పూర్తిగా తెలుసుకోలేం.

ఇక వడ్రంగిని ఒప్పించడమే మిగిలింది. అదే అసలు పని అయింది. సంగతి చెప్పగానే ఉలి కింద పెట్టేశాడు.

"కుదరదు వదినా. వరస తప్పుతుంది. పక్కపక్క ఉన్న ఇద్దరి మధ్యలోకి మూడో మనిషి దూరకూడదని ఊరందరి ముందు చెప్పింది నేనే. ఆసామిని లేవనివ్వనిది నేనే. ఇప్పుడు నా అవసరానికి నేనే మధ్యలో దూరితే నా మాటకి విలువేముంది?"

ఇంటికి వచ్చి చేపలు తిరగేస్తూ కూర్చున్నాను. తిరగేస్తుంటే జవాబు తట్టింది. చేతులు కూడా కడుక్కోకుండా మళ్లీ పోయాను.

"ఆసామి గుమ్మం నిలబెట్టినప్పుడు ఒక కర్ర ఎవరు పట్టుకున్నారు?"

"నువ్వు."

"నా గుమ్మం నిలబెట్టినప్పుడు?"

"ఒక వైపు ఆసామి."

"ఆ రెండుసార్లూ మా మధ్య నిలబడింది ఎవరు? మీ తాతా?"

అతను ఒళ్లోని చెక్క పొడుము దులుపుకున్నాడు.

"ఈ వీధిలో ఏ ఇద్దరి మధ్యయినా నువ్వు నిలబడని చోటు ఉంటే చూపించు. కొత్తగా దూరుతున్నానంటావేం? నువ్వు ఎప్పుడూ ఉన్నది అక్కడే. ఇన్నాళ్లూ పని కాగానే పక్కకి తప్పుకున్నావు. ఈసారి తప్పుకోకు, అంతే. మాట తప్పినట్టు కాదు, మాట నిలబెట్టినట్టు."

ఉలి తీసుకున్నాడు. అంచు బొటనవేలితో చూసుకున్నాడు. "నీ నోటికి గడియ చేసే వడ్రంగి ఇంకా పుట్టలేదు వదినా," అన్నాడు. అది ఒప్పుకోవడం.

వీధి కదిలింది. కొయ్య మేకులు తట్టాడు, గుమ్మాలు విప్పాడు, మోపులు కట్టించాడు, మళ్లీ కొత్త చోట ఒక్కొక్కటీ నిలబెట్టాడు. చెయ్యి కాస్త వణుకుతోంది కానీ తిట్లలో వణుకు లేదు. అందరివీ అయ్యాక తనది మొదలుపెట్టాడు. ఎవరి తలుపుకీ అంత కాలం పట్టలేదు. పడవ పలకల్ని గీస్తాడు, చూస్తాడు, మళ్లీ గీస్తాడు. "పెళ్లికూతురి ముస్తాబు కూడా ఇంతసేపు పట్టదు," అని ఆసామి కిటికీలోంచి అరిచేవాడు. "నీకేం తొందర, నీ ముక్కుకి అడ్డం లేచిందిగా గోడ," అని నేను ఇటు నుంచి అరిచేదాన్ని. మధ్యలో అతను ఈల వేసుకుంటూ పని చేసుకునేవాడు.

గుమ్మం నిలబెట్టిన రోజు ఒక కర్ర నేను పట్టుకున్నాను, ఒకటి ఆసామి. యజమాని చెయ్యి వెయ్యకూడదు కదా, అతను దూరంగా నిలబడాలి. నిలబడలేక చచ్చాడు. "ఇటు, ఇటు కాదు, అటు" అంటూ అక్కడే గెంతాడు. బిగించే పని మా ఆయన చేశాడు. కొంచెం వంకర వచ్చింది. నాకూ ఆసామికీ కనబడింది, ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "సూటిగా ఉందా?" అని అడిగాడు. "సూటిగానే ఉంది," అన్నాం ఇద్దరం ఒకే గొంతుతో. మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం ఊరు చూడటం అదే మొదలు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, వేడివేడిగా నాలుగు ముక్కలు గిన్నెలో పెట్టుకుని, ఎప్పటిలాగే తలుపు తోసుకుని లోపలికి పోయాను, మాట నోట్లో ఉండగానే. అతను మంచం మీద కూర్చుని తలుపు వంకే చూస్తున్నాడు. పని ఏదీ చేతిలో లేదు. గది ఊడ్చి ఉంది, ఎక్కడా చెక్క పొడుము లేదు. నా గిన్నె వంక చూడలేదు, నా మాట వినలేదు.

"ఏం మరిదీ, ఒంట్లో బాగాలేదా?"

"బాగుంది."

"మరి అలా కూర్చున్నావేం?"

కాసేపు సిగ్గుపడ్డాడు. ముసలివాడు సిగ్గుపడితే చూడలేం. గొంతు సవరించుకుని చెప్పాడు.

"ఊళ్లో అందరి తలుపులూ నేను బయట నుంచే కొట్టాను వదినా. లోపల కూర్చుని ఎన్నడూ వినలేదు. ఆ గిన్నె అక్కడ పెట్టి నువ్వు బయటికి పో. నేను గడియ వేసుకుంటాను. కొట్టు. ఎవరని అడుగుతాను. వెంటనే పలకకు, ఇంకాసేపు కొట్టు."